సంరక్షణలో పెరిగే పిల్లలు నిలదొక్కుకోవాలంటే పక్కనున్న పెద్దలు ఏం చేయాలి

ఇంటికి దూరమై హోమ్‌లోనో, తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునే పోషక కుటుంబంలోనో పెరిగే పిల్లల సంగతి వచ్చినప్పుడు "పిల్ల గట్టిది, తట్టుకుంటుంది" అనేయడం చాలామందికి అలవాటు. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. కానీ గట్టిదని ఒకసారి తేల్చేశాక ఆమె కోసం ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదన్నట్టు అయిపోతుంది.

హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ నలభై ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి పసితనంలోనే కష్టాలు మూటగట్టి ఉన్నాయి: పేదరికం, ఇంట్లో ఎడతెగని గొడవలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక జబ్బులు. ఆ మూడో వంతులో మళ్లీ ముగ్గురిలో ఒకరు చదువులో, పనిలో, సంసారంలో చక్కగా కుదురుకున్నారు. కారణాలు చాలానే బయటపడ్డాయి గానీ, పదేపదే కనిపించిన విషయం ఒకటుంది. పట్టించుకుని వదలకుండా ఉన్న పెద్దమనిషి కనీసం ఒక్కరు వాళ్లకు దొరికారు. ఆ మనిషి అమ్మానాన్నే కానక్కర్లేదు. తాతలు, అమ్మమ్మలు, టీచర్లు, ఇరుగుపొరుగువాళ్లు కూడా ఉన్నారు.

అంటే కష్టాన్ని తట్టుకునే ఈ శక్తిలో పెద్ద భాగం పిల్లల బయటే తయారవుతుంది. తయారుచేసేది వార్డెన్, హౌస్ మదర్, పోషక తల్లిదండ్రులు, కేస్ వర్కర్, మెంటర్. కింద చెప్పేదంతా వాళ్లకే, ముఖ్యంగా 10 నుంచి 18 ఏళ్ల పిల్లలతో ఉండేవాళ్లకు.

మొదటి 3 రోజులు

వచ్చిన రోజున గతం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకండి. మీ దగ్గరికి చేరేలోపు ఆ కథను వాళ్లు కనీసం ముగ్గురు నలుగురు కొత్తవాళ్లకు చెప్పి ఉంటారు. ముందు ఇల్లు చూపించండి, అదీ ఈ వరుసలో: బాత్రూమ్, దాని గడియ ఎలా పడుతుందో; రాత్రి దాహమేస్తే నీళ్లు ఎక్కడుంటాయో; లైటు స్విచ్; రాత్రి మెలకువగా ఉండేది ఎవరో, వాళ్లను ఏ తలుపు కొట్టి లేపాలో; సొంత సామాను పెట్టుకునే చోటు, దాని తాళం. తర్వాత మూడు విషయాలు చెప్పండి: మళ్లీ భోజనం ఎన్ని గంటలకు, ఇంటివాళ్లతో ఫోన్ ఎప్పుడు, రేపు పొద్దున లేచాక ఏం జరుగుతుంది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. భయంలో ఉన్న మనిషికి విన్న మాట నిలవదు.

తెచ్చుకున్న బట్టలు, దుప్పటి, పాత బొమ్మ ఎంత మురికిగా ఉన్నా అడగకుండా ఉతకొద్దు. ఆ వాసన ఇంటి వాసన. సామాను చెత్త సంచిలో వచ్చి ఉంటే ఆ రోజే ఒక మంచి బ్యాగు ఇవ్వండి. తమ వస్తువులు చెత్త సంచిలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడం పిల్లలు ఏళ్ల తరబడి మరిచిపోరు.

కొన్ని రోజులకు దిండు కింద, పుస్తకాల సంచిలో, బూటు లోపల ఎండిపోయిన తిండి కనిపించవచ్చు. దాన్ని దొంగతనం లెక్కన చూసి నిలదీస్తే దాచే చోటు మారుతుంది, దాచడం మానరు. మళ్లీ దొరుకుతుందో లేదో అన్న భయం ఒంట్లో ఉంది, మాటలతో పోదు. పేరు రాసిన ఒక డబ్బా ఇచ్చి, పాడవని తినుబండారాలు అందులో ఎప్పుడూ నిండుగా ఉండేలా చూడండి. ఖాళీ కాకముందే నింపండి, నింపేటప్పుడు వ్యాఖ్యానం వద్దు. కొందరు కొన్ని వారాల్లో దాచడం మానేస్తారు, కొందరికి నెలలు పడుతుంది. పండగో సెలవో వచ్చి ఒక్కరోజు డబ్బా ఖాళీగా ఉందా, కథ మొదటికొస్తుంది.

తనకంటూ ఒక మనిషి

హోమ్‌లో 20 మంది సిబ్బంది ఉండొచ్చు. అందరూ చూసుకుంటున్నారు అంటే ఎవరూ ప్రత్యేకంగా చూసుకోవడం లేదని అర్థం. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లలపై జరిగిన పరిశోధనలో సగం మందిని లాటరీ పద్ధతిలో పోషక కుటుంబాల్లో పెట్టారు. ఆశ్రమంలో ఉండిపోయినవాళ్లకంటే వాళ్ల ఎదుగుదల, బంధాలు మెరుగుపడ్డాయి. అది పసిపిల్లల సంగతే అయినా, వయసు పెరిగినంత మాత్రాన ఆ అవసరం తీరిపోదు.

కాబట్టి ప్రతి ఒక్కరికీ ఒక మనిషిని పేరుతో కేటాయించండి. ఆ మనిషి వారానికి 2 సార్లు, ప్రతి వారం అవే రోజుల్లో, అదే సమయానికి 20 నిమిషాలు ఇవ్వాలి. గంటసేపు కూర్చుంటానని నెలకోసారి కనిపించడం కంటే ఇది వందరెట్లు నయం. ఎదురెదురుగా కూర్చుని "చెప్పు, ఎలా ఉన్నావు" అంటే ముభావంగా "బాగున్నా" అంటారు, అంతటితో ఆగిపోతుంది. పక్కపక్కన ఏదో ఒక పని పెట్టుకోండి: బట్టలు మడత పెట్టడం, సైకిల్ చైనుకు నూనె వేయడం, నడక. చేతులు పనిలో ఉంటే, కళ్లల్లోకి చూడాల్సిన అవసరం లేకపోతే, మాట దానంతటదే వస్తుంది. రాకపోయినా ఆ 20 నిమిషాలు వృథా కాలేదు.

ఇందులో రెండు చోట్ల పని చెడుతుంది. మొదటిది, అల్లరి చేసిన వారం ఆ సమయాన్ని రద్దు చేయడం. అది బహుమానం కాదు, శిక్షగా తీసేయడానికి వీల్లేదు. సరిగ్గా ఆ వారమే దాని అవసరం ఎక్కువ. రెండోది, సిబ్బంది మారిపోవడం. ఉద్యోగం వదిలి వెళ్లే వ్యక్తి ఆ సంగతి ముందే, తన నోటితోనే చెప్పాలి. "పిల్లలు బాధపడతారు" అని చెప్పకుండా మాయమవడం ఆ బాధను రెట్టింపు చేస్తుంది. కుదిరితే పాత మనిషి, కొత్త మనిషి, పిల్ల ముగ్గురూ కనీసం 3 సార్లు కలవాలి. ఒక పేజీ అప్పగింత చీటీ కూడా రాసివ్వాలి. ఫైల్లో ఉండే సమాచారం అందులో వద్దు. దాంట్లో ఉండాల్సిన వాక్యాలు ఇలాంటివి: తలుపు పూర్తిగా మూస్తే నిద్రపోదు, వేలెడంత తెరిచి ఉంచాలి. వెనకనుంచి భుజం మీద చెయ్యి వేయొద్దు. లెక్కల గురించి అడిగితే విసుక్కుంటుంది, పక్కన ఊరికే కూర్చుంటే తనే అడుగుతుంది. ఆ చీటీ రాసేటప్పుడు పిల్లను కూడా కూర్చోబెట్టుకోండి, తన గురించి ఏం రాస్తున్నారో తనకు తెలియాలి.

రోజు ఎలా గడుస్తుందో ముందే తెలియాలి

వారం పట్టిక గోడ మీద ఉండాలి. డ్యూటీలో ఎవరు, ఎవరు ఎప్పుడు వస్తారు, కోర్టు తేదీ, డాక్టరు దగ్గరికి వెళ్లేది, ఇంటివాళ్లు వచ్చేది. కోర్టు, ఆస్పత్రి లాంటివి నలుగురూ చూసే పట్టికలో రాయకుండా ఎవరి కాగితం వాళ్లకివ్వండి. ఏదైనా మారితే తెలిసిన వెంటనే చెప్పండి, చివరి నిమిషం దాకా దాచి ఉంచకండి.

ఇంటివాళ్లు చూడటానికి వచ్చే రోజుల దగ్గర కాస్త ఆగాలి. ముందు రోజు చిరాకు, తిండి మానేయడం, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు గొడవ పడటమో, పక్క తడపడమో కనిపిస్తే "ఆ సందర్శనలే పిల్లను చెడగొడుతున్నాయి" అని నిర్ణయానికి రాకండి. ప్రేమ ఉన్నచోట విడిపోవడం నొప్పిస్తుంది, అంతే. సందర్శనలో పిల్లకు బెదిరింపో హానో జరుగుతోందన్న అనుమానం ఉంటే అది వేరే విషయం, ఆ రోజే పై అధికారికి చెప్పాలి. మామూలుగా అయితే ఆ మూడు రోజులు పరీక్షలు, కొత్త పనులు, గది మార్పులు పెట్టుకోకండి.

అమ్మ వస్తానని రాకపోతే? పిల్ల గేటు దగ్గర గంట నుంచి నిలబడి ఉంది. "బస్సు దొరకలేదేమో" అని కల్పించకండి, రేపు అబద్ధమని తేలితే మీ మాటకు కూడా విలువ ఉండదు. "ఆవిడ ఎప్పుడూ ఇంతే" అని అసలే అనొద్దు. "అమ్మ రాలేదు. ఎందుకో నాకు తెలియదు. తెలిసిన వెంటనే ముందు నీకే చెప్తాను. ఇప్పుడు లోపలికి వెళ్దామా, ఇంకాసేపు ఇక్కడే కూర్చుందామా?" అనండి. ఇంకాసేపు అంటే మీరూ అక్కడే కూర్చోండి. అన్నట్టే తర్వాత కనుక్కుని చెప్పండి, వచ్చిన జవాబు బాగా లేకపోయినా సరే.

కోపం వచ్చినప్పుడు

వస్తువులు విసిరే స్థాయికి వెళ్లిన కుర్రాడికి ఆ క్షణంలో ఆలోచించే శక్తి ఉండదు. "ఎందుకిలా చేశావ్" అన్న ప్రశ్నకు జవాబు అతని దగ్గరే లేదు. మిగతా పిల్లలను అక్కణ్నుంచి పంపేయండి, చూసేవాళ్లుంటే తగ్గడం చిన్నతనమనిపిస్తుంది. రెండు మూడు అడుగుల దూరంలో కాస్త పక్కకు తిరిగి నిలబడండి, గుమ్మానికి అడ్డం రాకండి. గొంతు తగ్గించండి. వాక్యానికి నాలుగైదు మాటలు చాలు: "నేను ఇక్కడే ఉన్నాను. ఎవరికీ దెబ్బ తగలకూడదు." పూర్తిగా చల్లబడటానికి అరగంట పట్టొచ్చు, కొందరికి సాయంత్రం దాకా పట్టొచ్చు. చర్చ ఆ తర్వాతే.

చర్చలో తప్పును తప్పనే చెప్పండి, సరిదిద్దే పని కూడా చేయించండి. విరిగిన కుర్చీని బాగుచేసేటప్పుడు పక్కనుండి పట్టుకోవడం, నోరు పారేసుకున్న మనిషికి మంచినీళ్లు తెచ్చివ్వడం లాంటివి. శిక్షగా ఎన్నటికీ ముట్టుకోకూడనివి ఐదున్నాయి: తిండి, నిద్ర, ఇంటివాళ్లతో ఫోన్, సందర్శన, బడి. ఇక "ఇలాగైతే ఇక్కణ్నుంచి పంపించేస్తాం" అన్న బెదిరింపు. ఈ పనిలో దీనికన్నా హాని చేసే మాట ఇంకొకటి లేదు. అప్పటికే ఒకటి రెండు చోట్ల నుంచి పంపేయబడ్డ పిల్లలు ఆ మాట వినగానే, ఎలాగూ పంపేస్తారు కదా అని తామే ఆ రోజును దగ్గరికి తెచ్చుకుంటారు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి: టైము, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, ఎవరున్నారు, ఎలా చల్లబడింది. తరచూ ఒక పోలిక బయటపడుతుంది. ఆదివారం సాయంత్రాలే కావచ్చు, ఫలానా షిఫ్ట్ మారే వేళే కావచ్చు, ఆకలి వేళే కావచ్చు. మందు కోసం పరిగెత్తే ముందు ఆ వేళను మార్చి చూడండి.

చడీచప్పుడూ లేని పిల్ల

అల్లరి చేసేవాడికి కౌన్సెలర్ దొరుకుతాడు. ఎదురు చెప్పకుండా, మంచి మార్కులు తెచ్చుకుంటూ, చిన్న తమ్ముణ్ని తల్లిలా చూసుకునే అమ్మాయికి మెచ్చుకోళ్లు మాత్రమే దొరుకుతాయి. ఆమె కొంత వయసు వచ్చాక ఒక్కసారిగా కూలబడితే అందరూ ఆశ్చర్యపోతారు. తమ్ముడి బాధ్యత నెమ్మదిగా ఆమె నుంచి తీసుకోండి. ఒక్కసారి లాక్కుంటే తన విలువే పోయినట్టుంటుంది, అందుకే ముందు స్నానం, వారం తర్వాత హోంవర్క్, ఆ తర్వాత నిద్రపుచ్చడం, ఇలా. తోబుట్టువులను మాత్రం విడదీయకండి. తప్పనిసరై వేర్వేరు చోట్ల ఉంటే ఫోన్ మాట్లాడే రోజు, సమయం ఖరారు చేసి రెండు చోట్లా రాసిపెట్టండి.

పిల్లల మనసు, ప్రవర్తన ఎలా ఉన్నాయో అంచనా వేయడానికి రాబర్ట్ గుడ్‌మన్ 1997లో తెచ్చిన 25 ప్రశ్నల పట్టిక ఉంది, ఎస్‌డీక్యూ (స్ట్రెంత్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనేర్) అంటారు. పెద్దవాళ్లు, టీచరు, 11 ఏళ్లు దాటితే పిల్లలే స్వయంగా నింపొచ్చు. పది నిమిషాల పని. అది జబ్బు పేరు చెప్పదు, ఎవరిని ముందు డాక్టరుకు చూపించాలో మాత్రం తెలుస్తుంది. పెద్దవాళ్లు నింపిందానికీ పిల్ల నింపిందానికీ పొంతన లేకపోతే, ఆ తేడానే అన్నిటికన్నా శ్రద్ధగా చదవాలి.

చనిపోవాలని ఉందన్న సూచన ఏ రూపంలో కనిపించినా సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. మందులు, పదునైనవి, తాళ్లు అందకుండా తీసేయండి, ఆ రోజే వైద్య సాయం అందించండి. ఎవరో తనను వేధించారని చెప్పుకుంటే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, నిలుపుకోలేరు. నమ్ముతున్నానని చెప్పండి. గుచ్చి గుచ్చి వివరాలు అడక్కండి, అది శిక్షణ ఉన్నవాళ్ల పని. పిల్ల వాడిన మాటలను అవే మాటల్లో, తేదీ, టైముతో రాసి, చట్ట ప్రకారం చెప్పాల్సినవాళ్లకు వెంటనే చెప్పండి.

తన కథ తన చేతిలో

ఇంట్లో పెరిగిన పిల్లలకు "నువ్వు చిన్నప్పుడు ఇలా చేశావు" అని చెప్పేవాళ్లుంటారు. చోట్లు మారుతూ పెరిగినవాళ్లకు ఆ జ్ఞాపకాలు ఫైళ్లలో, అదీ నేరారోపణల భాషలో ఉంటాయి. అందుకే ఒక గట్టి పెట్టె, ఒక పుస్తకం. పుస్తకంలో పుట్టిన తేదీ, ఊరు, చదివిన బడుల పేర్లు, టీచర్ల పేర్లు, ఉన్న ప్రతి చోటూ, అక్కణ్నుంచి ఎందుకు మారాల్సి వచ్చిందో, ఏ పన్ను ఎప్పుడు ఊడిందో. ఫోటో వెనక తేదీ, తీసిన చోటు, పక్కనున్నది ఎవరు. అసలు ఫోటోలు పుస్తకంలో అంటించకండి, నకళ్లు వాడండి. కోపంలో పుస్తకం చింపేసే రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు అసలువి భద్రంగా ఉండాలి.

మొదలుపెట్టే ముందు మీరు ఫైలు పూర్తిగా చదవండి, పిల్ల అడిగిందానికి తడబడకూడదు. ఒక విడతకు అరగంట, ముప్పావుగంట చాలు. పడుకునే ముందు వద్దు, బడికి వెళ్లే ముందూ వద్దు. చోటు మారబోతున్న రోజుల్లో ఈ పని ఎత్తుకోకండి.

కష్టమైన పేజీ "నేను ఇక్కడికి ఎందుకు వచ్చాను" అన్నది. నిజమే రాయాలి, వయసుకు తగ్గ మోతాదులో. "అమ్మకు ఒంట్లో బాగాలేదు" అని పదేళ్ల పిల్లకు చెప్తే, కాళ్లు నొప్పులన్న టీచరు కూడా రేపు తనను వదిలేస్తుందని భయపడుతుంది. "అమ్మకు తాగుడు మానడం చేతకాలేదు. తాగినప్పుడు నిన్ను చూసుకోవడం కుదరలేదు. పిల్లలకు రోజూ చూసుకునే పెద్దవాళ్లు కావాలి. ఇందులో నీ తప్పు లేదు." ఇంత చాలు. చివరి వాక్యాన్ని ఒక్కసారి చెప్పి ఊరుకోకండి, చాలామంది పిల్లలు తప్పు తమదేననుకుంటూనే పెరుగుతారు.

హోమ్ బయట ఒక పని

ఈత, చెస్, తబలా, కుట్టు, ఫుట్‌బాల్, ఏదైనా సరే. నియమం ఒక్కటే: అది హోమ్ బయట, మామూలు పిల్లల మధ్య జరగాలి. అక్కడ అతను "హోమ్ కుర్రాడు" అవడు, గోల్ కీపర్ అవుతాడు. ఈ ఏర్పాట్లు చాలావరకు ఆసక్తి లేక ఆగిపోవు, షిఫ్ట్ మారే వేళకు తీసుకెళ్లే మనిషి లేక ఆగిపోతాయి. కాబట్టి చేర్పించే ముందు తీసుకెళ్లేదెవరు, వాళ్లు రాకపోతే ఇంకెవరు అని రెండు పేర్లు రాయండి. చోటు మారినా ఈ పని, కుదిరితే బడి, మారకుండా చూడండి.

సమావేశంలో పిల్ల మాట

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం తమకు సంబంధించిన నిర్ణయాల్లో పిల్లల మాటకు విలువ ఇవ్వాలంటుంది. సంరక్షణలో ఉంచిన పిల్లల పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షించాలంటుంది 25వది. ఆచరణలో ఏమవుతుందంటే, ఆ సమీక్ష సమావేశంలో ఎనిమిది మంది పెద్దల మధ్య కూర్చోబెట్టి "నీకేం కావాలి" అంటారు, పిల్ల నీళ్లు నములుతుంది, "ఏమీ లేదంది" అని మినిట్స్‌లో రాసేస్తారు.

సమావేశానికి రెండు రోజుల ముందు విడిగా కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి: ఇప్పుడున్నదాంట్లో ఏది మారకూడదు? ఏది మారాలి? గదిలో ఎవరు ఉండకూడదు? జవాబులు తన మాటల్లోనే రాసి, తనే చదువుతుందా మీరు చదవాలా అడగండి. సమావేశం అయిన 24 గంటల్లోపు ఏం తేలిందో చెప్పండి. అడిగింది ఒప్పుకోకపోతే కారణంతో సహా చెప్పండి.

బయటికి వెళ్లే ముందు, వెళ్లాక

హోమ్ వదిలి వెళ్లే తేదీకి కనీసం 2 ఏళ్ల ముందే సన్నాహం మొదలుపెట్టాలి. మామూలు ఇళ్లలో పిల్లలు వెళ్తారు, వస్తారు, మళ్లీ వెళ్తారు. ఇక్కడ మాత్రం ఒక తేదీ రాగానే అంతా ముగిసిపోవాలనుకోవడం అన్యాయం.

మొదట కాగితాలు: జనన ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, చదువు సర్టిఫికెట్లు, ఆరోగ్య రికార్డు, టీకాల వివరాలు, బ్యాంకు ఖాతా. అసలువి తన చేతికి, నకళ్ల సెట్టు మీ దగ్గర. తర్వాత డబ్బు. వారం ఖర్చు చేతికిచ్చి మూడో రోజుకే అయిపోతే తిట్టకండి, అప్పటికప్పుడు మళ్లీ నింపకండి కూడా. భోజనం హోమ్‌లో ఎలాగూ దొరుకుతుంది, కాబట్టి పొరపాటు చేయడానికి ఇదే సరైన చోటు. వంట, అద్దె ఒప్పందం చదవడం, డాక్టరు అపాయింట్‌మెంట్ తనే ఫోన్ చేసి తీసుకోవడం: ఒక్కోటి ముందు మీరు చేసి చూపించండి, తర్వాత కలిసి చేయండి, ఆ తర్వాత ఒంటరిగా చేయనివ్వండి.

చివరగా ఐదు పేర్ల కాగితం. ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి, డబ్బు చిక్కులో ఎవరికి, ఉద్యోగం సంగతి ఎవరికి, రాత్రి 2 గంటలకు ఎవరికి, పండగకు ఎవరింటికి. జీతం తీసుకుని చూసుకునేవాళ్లు కానివారు వాళ్లలో ఇద్దరైనా ఉండాలి. ఆ ఐదుగురికీ తమ పేరు అక్కడుందని తెలియాలి, ఒప్పుకుని ఉండాలి.

వెళ్లిన 3వ రోజున ఫోన్ చేయండి. తర్వాత 2వ వారం, నెల, మూడు నెలలు, పుట్టినరోజు. "అవసరమైతే ఫోన్ చెయ్యి" అని వదిలేస్తే చేయరు. అడగడం చేతకానితనం అనుకుంటూ పెరిగినవాళ్లు చాలామంది. రెండుసార్లు ఎత్తకపోయినా మూడోసారి చేయండి. మీ నంబర్ మారితే ఆ రోజే కొత్తది పంపండి.